ఆశ్రయం అర్జీయా, తాత్కాలిక రక్షణా? కాందిశీకులకు ఏది మేలు?

చెన్నై రెడ్ హిల్స్‌లోని మా ఇంటికి మొన్న వేసవిలో రంగులు వేసిన పెయింటర్ ఒక సాయంత్రం బ్రష్షులు కడుక్కుంటూ, "రేపు రాను అక్కా, క్యాంపులో హాజరు వేయించుకోవాలి" అన్నాడు. చొక్కా జేబులోంచి పాలిథిన్ కవరు తీసి చూపించాడు. అందులో గుర్తింపు కార్డు, లామినేషన్ అంచులు లేచిపోయి ఉంది. 1990లో ఏడేళ్ల పిల్లాడిగా శ్రీలంకలో పడవెక్కి రామేశ్వరంలో దిగాడట. ఆ దగ్గర్లోని మండపం అనే ఊళ్లో శరణార్థుల క్యాంపులో కొన్నాళ్లు ఉండి, అక్కడి నుంచి మా పక్కనున్న పుళల్ క్యాంపుకి వచ్చాడు. పెళ్లి ఇక్కడే అయింది, కూతురు ఇక్కడే పుట్టింది. కాగితం మీద మాత్రం ఆయన ఇవాళ్టికీ తాత్కాలికంగా వచ్చి ఉన్న మనిషే.

అప్పటి నుంచి యూరప్ శరణార్థుల వార్తలు ఎక్కడ కనబడినా ఆగి చదువుతున్నాను. అక్కడా ఇదే ప్రశ్న: ఉన్న ఊరు వదిలి వచ్చినవాళ్లకు ఏ దారి మంచిది?

మొదటిది ఆశ్రయం కోసం అర్జీ. 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందం దీనికి పునాది. జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, సామాజిక వర్గం, వీటిలో ఏదో ఒక కారణంగా తనను వేధిస్తారన్న భయం నిజమేనని ఒక్కొక్కరూ విడివిడిగా రుజువు చేసుకోవాలి. యుద్ధం జరుగుతోంది కాబట్టి వచ్చాను అంటే ఆ నిర్వచనానికి చాలదు. రెండోది తాత్కాలిక రక్షణ. ఇందులో విడివిడి విచారణ ఉండదు. ఫలానా దేశం నుంచి ఫలానా తేదీ తరవాత పారిపోయి వచ్చారా, అయితే ఉండండి అంటారు. బోస్నియా, కొసోవో యుద్ధాల అనుభవంతో యూరోపియన్ యూనియన్ 2001లో ఈ చట్టం చేసి, ఇరవై ఏళ్లు బీరువాలో పెట్టింది. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద రష్యా దాడి మొదలైతే, మార్చి 4కల్లా దాన్ని బయటికి తీసింది. పట్టుమని పది రోజులు కూడా పట్టలేదు.

అంకెలు చదివేటప్పుడు ఇక్కడే చాలామంది పొరబడతారు. యూరప్‌లో ఆశ్రయం అర్జీలు 2023లో 11 లక్షలు దాటాయి, 2024లో సుమారు 10 లక్షలకు దిగాయి, 2025లో ఇంకా తగ్గాయి. 2024 డిసెంబరు 8న అసద్ ప్రభుత్వం కూలాక సిరియన్ల అర్జీలు పడిపోవడం దీనికి ఒక పెద్ద కారణం. కానీ తాత్కాలిక రక్షణలో ఉన్న 40 లక్షలకు పైగా ఉక్రెయిన్ జనం ఈ లెక్కలో లేరు. వాళ్లది వేరే పద్దు. అర్జీలు తగ్గాయంటే నిర్వాసితులు తగ్గారని కాదు. 2024 చివరికి ప్రపంచంలో బలవంతంగా ఇల్లు వదలాల్సి వచ్చినవాళ్లు 12 కోట్ల పైమాటే.

మొదటి రోజు సంగతైతే నాకు సందేహమే లేదు, తాత్కాలిక రక్షణే మేలు. 2015 డిసెంబరు వరదల్లో మా వీధి జనాన్ని కల్యాణ మండపంలోకి తీసుకెళ్లినప్పుడు రేషన్ కార్డు చూపించమని ఎవరూ అడగలేదు. తడిసిన పిల్లలకు ముందు పొడి తువ్వాలు, వేడి పొంగల్ ఇచ్చారు. ఉక్రెయిన్ వాళ్లకూ అలాగే జరిగింది. వెంటనే ఉద్యోగం చేసుకునే హక్కు, పిల్లలకు బడి, వైద్యం. అర్జీ పెట్టుకున్నవాడికి మాత్రం పని చేసే అనుమతికి యూరప్ పాత నిబంధన ప్రకారం తొమ్మిది నెలల దాకా ఆగాల్సి వచ్చేది. చేతిలో పనున్నా చేయనివ్వకుండా కూర్చోబెట్టడం కంటే పెద్ద శిక్ష ఇంకేముంటుంది?

అయితే కల్యాణ మండపంలో ఎన్నాళ్లుంటాం? యూరప్ చట్టం రాసుకున్నది మూడేళ్లకు. దాన్ని పొడిగిస్తూ పొడిగిస్తూ 2027 మార్చి దాకా తెచ్చారు. పొడిగించినప్పుడల్లా ఆ కుటుంబాల్లో టెన్షనే. అమెరికాలో 1990 నుంచి ఇలాంటి ఏర్పాటే ఉంది. 2001 భూకంపాల తరవాత ఎల్ సాల్వడార్ వాళ్లకిచ్చిన తాత్కాలిక హోదా పాతికేళ్లుగా నడుస్తోంది. వెనిజువెలా వాళ్లకిచ్చింది 2025లో రద్దు చేశారు. ఒక ప్రభుత్వం సంతకంతో వచ్చింది ఇంకో ప్రభుత్వం సంతకంతో పోతుంది.

అర్జీ దారి బలం ఇక్కడ తెలుస్తుంది. శరణార్థిగా ఒప్పుకున్నాక ఆ హోదా తీసేయాలంటే మళ్లీ ఆ మనిషి కేసు చూడాలి, అతని మాట వినాలి. ప్రయాణ పత్రం వస్తుంది, కొన్నేళ్లకు పౌరసత్వానికి దారి ఉంటుంది. కాకపోతే ఆ ఒప్పుకోలు వచ్చేదాకా గాలిలో దీపమే. అసద్ పోగానే జర్మనీతో సహా చాలా దేశాలు సిరియన్ల ఫైళ్లను ఎక్కడివక్కడ ఆపేశాయి.

మన దేశం 1951 ఒప్పందం మీద సంతకం పెట్టలేదు, శరణార్థుల కోసం విడిగా చట్టమూ లేదు. కాబట్టి పెయింటర్‌కి అర్జీ దారి ఎప్పుడూ లేదు. 1983 నుంచి శ్రీలంక తమిళులు 3 లక్షల మందికి పైగా తమిళనాడు చేరారు. 2021 నాటి లెక్కలో క్యాంపుల్లో 58 వేల మందికి పైగా ఉన్నారు. ఆ ఏడాది రాష్ట్ర ప్రభుత్వం కుటుంబ పెద్దకు నెల భత్యం 1,000 నుంచి 1,500 చేసింది, పాడుబడిన ఇళ్ల బదులు కొత్తవి కట్టడం మొదలుపెట్టింది, తమిళంలో శరణార్థి అని అర్థమున్న 'అగతి' అన్న మాట తీసేసి 'మరువాళ్వు ముగామ్' అని బోర్డు మార్చింది. పునరావాస శిబిరం అని అర్థం. మంచి పనులే, కాదనను. కానీ పౌరసత్వం రాష్ట్రం చేతిలో లేదు. 2019 పౌరసత్వ సవరణలో శ్రీలంక పేరు లేదు. 2015 జనవరి 9కి ముందు వచ్చి నమోదైనవాళ్లకు పాస్‌పోర్టు, వీసా లేవని శిక్ష వేయబోమని 2025 సెప్టెంబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. శిక్ష తప్పింది, అంతవరకే.

మా అమ్మమ్మ తరంలో 'రంగం' పోయినవాళ్లు, అంటే రంగూన్ వెళ్లినవాళ్లు, ప్రతి తెలుగు తీర ఊళ్లోనూ ఉండేవారు. 1960లలో బర్మా సైనిక ప్రభుత్వం వ్యాపారాలు జాతీయం చేశాక తెలుగువాళ్లు, తమిళులు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. వాళ్లను భారతీయులుగా లెక్కవేశారు, బీచ్ స్టేషన్ దగ్గర బర్మా బజార్లో కొట్లు పెట్టుకోనిచ్చారు. ఇప్పుడు ఆ పక్కన నిలబడి అత్తో అనే బర్మా నూడుల్స్ తింటూ ఎవరూ వాళ్లను కాందిశీకులు అనరు. తేడా అంతా మొదటి రోజే చేతికొచ్చిన కాగితంలో ఉంది.

అందుకే నా ఓటు తాత్కాలిక రక్షణకే, కానీ ఒక షరతు మీద: ఫలానా ఏటికల్లా వెనక్కి పంపలేకపోతే శాశ్వత నివాసం ఇస్తామని మొదటి ఉత్తర్వులోనే తేదీ వేయాలి. తేదీ లేనిదైతే, ఎంత ఆలస్యమైనా అర్జీయే నయం.

పని ముగిసిన రోజు పెయింటర్ ఒక మాట అడిగాడు. 1986లో మండపం క్యాంపులో పుట్టిన ఒకావిడకు పాస్‌పోర్టు ఇవ్వమని మద్రాసు హైకోర్టు 2022లో చెప్పిందట, ఆవిడ 2024 ఎన్నికల్లో ఓటు కూడా వేసిందట, మరి మా అమ్మాయికి కుదురుతుందా అక్కా, అని. అమ్మాయి ఎప్పుడు పుట్టింది అన్నాను. 2005. ఈ దేశంలో పుడితే చాలు పౌరులే అన్న నియమం 1987 జూన్ 30తో అయిపోయింది. ఆ తరవాత పుట్టినవాళ్లకు కన్నవాళ్లలో ఒకరైనా భారత పౌరులై ఉండాలి, 2004 డిసెంబరు నుంచైతే రెండోవారు అక్రమ వలసదారు కూడా కాకూడదు. "వాళ్లమ్మ?" అని అడిగాను. ఆవిడా క్యాంపులోనే పుట్టిందట, 1988లో.