బాత్ యాత్ర: ఒక్కరోజు కోచ్‌లోనా, రైల్లో వెళ్లి రాత్రి బసతోనా?

లండన్ నుంచి ఏడెనిమిది మంది కలిసి వారాంతంలో బాత్ నగరం చూడాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: పురాతన రాతి స్తంభాల వలయమైన స్టోన్‌హెంజ్‌ను కూడా కలిపి చూపించే ఒక్కరోజు కోచ్ (టూరిస్టు బస్సు) యాత్ర మేలా, రైల్లో వెళ్లి ఒక రాత్రి అక్కడే ఉండటం మేలా?

కోచ్ యాత్రలో సౌకర్యం లేకపోలేదు. దారి, టికెట్లు, వేళలు అన్నీ నిర్వాహకులే చూసుకుంటారు. దగ్గర్లో రైల్వే స్టేషన్ లేని స్టోన్‌హెంజ్‌కు వెళ్లిరావడానికి అంతకంటే తేలికైన మార్గం కనిపించదు. అయితే ఆ ఏర్పాటులో బాత్‌కు మిగిలేది కొద్ది గంటలే.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చవలసింది ఖర్చు కాదు, బాత్‌లోని రోమన్ల కాలపు స్నానవాటికల్లో, వేడినీటి బుగ్గల దగ్గర తొందర లేకుండా గడపగల సమయం. మెండిప్ కొండల మీద కురిసిన వాన భూగర్భంలోకి ఇంకి, అక్కడ వేడెక్కి, సుమారు 46 డిగ్రీల వేడితో రోజుకు 11 లక్షల లీటర్లకు పైగా పైకి ఉబికి వస్తుంది. మిగులు నీరు రోమన్లు కట్టిన కాలువలోకి దూకే చోట రాళ్లకు ఇనుము పట్టి నారింజ రంగు తేలి ఉంటుంది, పైన ఆవిరి కమ్ముకుంటుంది. గుంపును వెంటబెట్టుకుని గడియారం చూసుకుంటూ నడిచేవారు సరిగ్గా దీన్నే దాటిపోతారు.

పైగా రోమన్ స్నానవాటికల్లో స్నానానికి అనుమతి లేదు. ఆ నీటిలో మునగాలంటే 2006లో తెరిచిన థర్మే బాత్ స్పాకు వెళ్లాలి. అక్కడికి 16 ఏళ్ల లోపు పిల్లలను రానివ్వరు. రాత్రి బస ఉంటే పెద్దల్లో సగం మంది సాయంత్రం మేడమీది కొలనుకు వెళ్లి, మిగిలినవారు పిల్లలను రాయల్ విక్టోరియా పార్కులో ఆడించి, మర్నాడు వంతులు మార్చుకోవచ్చు. కోచ్ యాత్రలో ఈ వీలు ఉండదు.

లండన్‌లోని పాడింగ్టన్ స్టేషన్ నుంచి రైలు ప్రయాణం సుమారు గంటన్నర, స్టేషన్ నుంచి స్నానవాటికలకు నడక దూరమే. ముగ్గురి నుంచి తొమ్మిది మంది వరకు కలిసి వెళ్తే గ్రూప్‌సేవ్ అనే రాయితీ కింద రద్దీలేని వేళల టికెట్ల ధరలో మూడో వంతు తగ్గుతుంది. నగర మేయర్ పేరిట స్వచ్ఛంద గైడ్లు స్నానవాటికల పక్కనున్న పంప్ రూమ్ భవనం ముందు నుంచి ఉచితంగా నడిపించే పర్యటనలో, వలయాకారంలో ఇళ్లు కట్టిన ‘సర్కస్’ వీధిని, 1767–1774 మధ్య 30 ఇళ్లను అర్ధచంద్రాకారంలో కట్టిన రాయల్ క్రెసెంట్‌ను చూడవచ్చు.

శనివారం రాత్రి గదులు ఖరీదు అనిపిస్తే పొరుగు నగరం బ్రిస్టల్‌లో బస చేయవచ్చు. రైల్లో పావుగంట దూరం. సొంత కార్లలో వెళ్లేవారు ఊరి వెలుపలి పార్క్ అండ్ రైడ్‌లో (కారు ఆపి బస్సులో ఊళ్లోకి వెళ్లే చోట) ఆపుకోవడం మంచిది. రైల్లో వెళ్లినా, కారులో వెళ్లినా, రోమన్ స్నానవాటికలకు ఆదివారం ఉదయం మొట్టమొదటి ప్రవేశ సమయానికి టికెట్లను ముందుగానే తీసుకోండి.