తులాంబెన్: ఓడ చూడాలంటే ముందు ఒడ్డు దాటాలి

బాలి వెళ్లే మనవాళ్లు ఎక్కువగా కూటా, ఉబుద్‌ల దగ్గరే ఆగిపోతారు. స్కూబా (గాలి సిలిండర్‌తో నీటి అడుగుకి వెళ్లే డైవింగ్) మీద మోజుంటే మాత్రం ఈశాన్య తీరంలోని తులాంబెన్ దాకా వెళ్లాల్సిందే. అక్కడ లిబర్టీ అనే అమెరికా సైన్యపు సరుకు ఓడ మునిగి ఉంది. 1942 జనవరిలో జపాన్ సబ్‌మెరైన్ దాన్ని టోర్పెడోతో కొడితే, ఎలాగోలా లాక్కొచ్చి ఈ ఒడ్డుకు ఎక్కించారు. 1963లో అగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు ఆ అదురుకి నీళ్లలోకి జారింది. అంత దగ్గర కాబట్టి పడవతో పని లేదు, ఒడ్డు నుంచి నడిచి దిగడమే.

టెన్షన్ అంతా ఆ నడకలోనే. ఇసుక ఉండదు, అన్నీ నల్లటి గుండ్రాళ్లు. గాలి ఎక్కువగా ఉన్న రోజు అల వెనక్కి పోతూ కాళ్ల కింది రాళ్లను గలగలమని లాక్కుపోతుంది. వీపున సిలిండర్, చేతిలో ఫిన్స్ (కాళ్లకు తొడుక్కునే ఈత రెక్కలు). గైడ్ పెద్ద అలలను పోనిచ్చి భుజం తట్టగానే, సిలిండర్ గాలి అందించే రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని గబగబా లోతుకి వెళ్లిపోవాలి. మధ్యలో ఆగితే తర్వాతి అల పడేస్తుంది. పైకి వచ్చేటప్పుడు ఇంకా కష్టం, పాక్కుంటూ వచ్చినా ఎవరూ నవ్వరు. అవే రాళ్ల మీద ఊరి ఆడవాళ్లు సిలిండర్లు నెత్తిన పెట్టుకుని చకచకా నడిచిపోతుంటారు. వాళ్లకు టిప్ ఇవ్వడం మరవద్దు.

ఓడ సుమారు 5 మీటర్ల నుంచి 30 మీటర్ల లోతు దాకా పరుచుకుని ఉంది. అలల రోజు పైభాగంలో నీళ్లు ముందుకీ వెనక్కీ ఊపేస్తాయి, మసకగానూ ఉంటుంది. తుప్పు పట్టిన ఇనుప అంచుల మధ్య దూరే సరదా ఆ రోజుకి మానుకోవాలి. కిందికి దిగేకొద్దీ ఊపు తగ్గుతుంది. పగడాలు కమ్మేసిన దూలాలు, గుంపుగా తిరిగే జాక్ చేపలు అప్పుడు తీరిగ్గా కనిపిస్తాయి.

సాధారణంగా ఇక్కడ పొద్దున్నే సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అందుకే బస తులాంబెన్‌లోనే మేలని నా అభిప్రాయం. తెల్లవారుజామున లేచి అలలు చూసుకుని, దిగాలో వద్దో అప్పుడే తేల్చుకోవచ్చు. ఊళ్లో కాలక్షేపం ఏమీ లేదు, గదులు సాదాసీదా. దగ్గర్లోని అమెద్ అనే ఊళ్లో భోజనం, కేఫ్‌లు బాగుంటాయి, కారులో అరగంట దూరమే. భార్యో భర్తో డైవ్ చేయకపోతే అక్కడే నయం. దక్షిణ బాలి నుంచి ఒక్కరోజు ప్యాకేజీ మాత్రం వద్దు. రెండున్నర, మూడు గంటల ప్రయాణం చేసి చేరేసరికి గాలి లేస్తుంది, జనం నిండిపోతారు. మాకు అలాంటి ప్యాకేజీ అమ్మిన ఏజెన్సీ అలలు ఎగిసిపడుతున్నా టైమ్ మార్చనంది. ఊళ్లోని చిన్న డైవ్ షాపు వాళ్లయితే, 'ఇవాళ వద్దు, రేపు పొద్దున చూద్దాం' అని వాళ్లంతట వాళ్లే చెప్పారు.

శాకాహారులు సంబల్ (అక్కడి మిరపకాయల పచ్చడి) దగ్గర జాగ్రత్త, చాలావాటిలో రొయ్యల ముద్ద కలుపుతారు. టెంపే (పులియబెట్టిన సోయా గింజల అచ్చు) అడగండి. అద్దె బూట్లు మందపాటి అడుగున్నవే తీసుకోండి. వరసగా డైవ్‌లు చేస్తే ఆఖరి డైవ్‌కీ విమానానికీ కనీసం 18 గంటలు ఎడం ఉండాలి, టికెట్ అది చూసుకునే బుక్ చేసుకోండి.