ఫోమ్ కవచం రిపేరుకు కాంటాక్ట్ సిమెంట్: ఐదుకు నాలుగు, ఆ ఒక్కటీ వాసనకు పోయింది

సినిమా, గేమ్ పాత్రల వేషం (కాస్‌ప్లే) కోసం ఇంట్లో ఫోమ్‌తో చేసుకున్న కవచాన్ని, ఒక కన్వెన్షన్‌కు, అంటే అభిమానుల సమావేశానికి, వెళ్లి తిరిగొచ్చాక బల్ల మీద పరిచి చూడండి. పలక నడిమికి విరిగిన చోటు దాదాపు కనబడదు. అతుకులు విచ్చుకుని ఉంటాయి, పట్టీలు మొదలంటా ఊడి ఉంటాయి, మోచేయి వంగే చోట రంగు పెచ్చులుగా లేచి ఉంటుంది. ఈ మూడింట్లో రెండు జిగురు పనులే. అయినా రిపేరు అనగానే చేయి ముందు రంగు డబ్బా మీదికే పోతుంది. జిగురు మాత్రం ఇంట్లో ఏది ఉంటే అదే.

ఈవీఏ ఫోమ్ (మెత్తగా వంగే ప్లాస్టిక్ నురుగు షీటు) కవచానికి కొనాల్సిన జిగురు కాంటాక్ట్ సిమెంట్. చెప్పుల అడుగులు అతికించే ఆ పసుపు బంక కుటుంబమే ఇది. బార్జ్, వెల్డ్‌వుడ్ లాంటి పేర్లు కాస్‌ప్లే చేసేవాళ్ల నోట ఎక్కువగా వినిపిస్తాయి. పేరేదైనా డబ్బాలో ఉండేది ద్రావకంలో కరిగించిన రబ్బరు, ఎక్కువగా నియోప్రీన్. ద్రావకం ఎగిరిపోయాక మిగిలిన రబ్బరు పొర ఎదుటి రబ్బరు పొరను తాకగానే పట్టేస్తుంది, ఆరాక కూడా సాగుతూ వంగుతూ ఉంటుంది. నడిచే మనిషి ఒంటి మీద ఫోమ్ రోజంతా వంగుతూనే ఉంటుంది కాబట్టి బిగుసుకుపోయే జిగురు ఏదైనా ఎంత గట్టిదైతే అంత త్వరగా పగులుతుంది.

వాడే పద్ధతి తేలికే కానీ తొందర పనికిరాదు. విచ్చుకున్న అతుకును సగంలో ఆపకుండా, పట్టు బలంగా ఉన్న చోటు దాకా వేళ్లతో తెరవాలి. సగం ఊడిన చోటే అతికిస్తే వారంలో దాని పక్కన ఊడుతుంది. లోపలి పాత జిగురు తీయాలి. అది వేడితో కరిగించి పూసే హాట్ గ్లూ అయితే అంచున ఐసోప్రొపైల్ ఆల్కహాల్ నాలుగు చుక్కలు పోసి అర నిమిషం ఆగితే చాలావరకు పెచ్చులా ఊడొస్తుంది. కట్టరుతో గీకితే ఫోమ్ కూడా లేచి గుంట పడుతుంది. తర్వాత 120 నంబరు గరుకు కాగితంతో రెండు అంచులూ తేలిగ్గా రుద్ది, దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. అంచు చుట్టూ సెంటీమీటరు మేర రంగు ఉంటే అదీ పోవాలి, లేకపోతే సిమెంట్ రంగును పట్టుకుంటుంది, ఆ రంగు ఫోమ్‌ను వదిలేస్తుంది.

ఇక పూత. రెండు అంచులకూ పలుచగా రాయాలి, ఒకవైపు రాస్తే లాభం లేదు. కోసిన అంచు స్పాంజిలా పీల్చుకుంటుంది కాబట్టి మొదటి పూత పది నిమిషాలు ఆరాక రెండోది వేయాలి. మొదటి పూత లోపలికి ఇంకిపోతుంది, పట్టేది రెండోదే. ఈ ఒక్క పని మానేసినందుకే చాలా అతుకులు ఊడుతుంటాయి. రెండో పూత తర్వాత మామూలు గదిలో 10 నుంచి 15 నిమిషాలు ఆగాలి, గాలిలో తేమ ఎక్కువైతే ఇంకా ఎక్కువ. గడియారం కన్నా వేలు నమ్మదగ్గది. వేలి వెనక భాగంతో తాకితే జిగటగా అనిపించాలి, కానీ వేలికి ఏమీ అంటకూడదు. తీగలు సాగితే ఇంకా వేళ కాలేదు. జిగట పూర్తిగా పోయి నున్నగా తగిలితే దాటిపోయింది, ఇంకో పలుచని పూత వేసి మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టుకోవాలి.

తాకిస్తే పట్టేసినట్టే, జరిపే వీలుండదు. అందుకే పొడవాటి అతుకుల్లో ముందు రెండు చివరలు, తర్వాత నడుమ, ఆపైన మిగిలిన భాగాల నడుమలు కలుపుకుంటూ పోవాలి. ఒక చివరనుంచి మొదలుపెడితే రెండో చివరకు వచ్చేసరికి ఒక వైపు ఫోమ్ మిగిలిపోతుంది. పెద్ద పలక మీద పలక అతికించేటప్పుడు మధ్యలో బేకింగ్ కాగితం పెట్టి, ఒక అంచు సరిచూసి అంటించి, కాగితాన్ని కొంచెం కొంచెంగా లాగుతూ నొక్కండి. సిమెంట్ కాగితానికి అంటదు. చివరగా అతుకంతా బొటనవేలితో గట్టిగా నొక్కాలి. ఎంతసేపు పట్టుకున్నామన్నది కాదు, ఎంత గట్టిగా నొక్కామన్నదే ముఖ్యం. వెంటనే చేత్తో పట్టుకోవచ్చు కానీ పూర్తి బలం రావడానికి 24 గంటలు కావాలి. మందంగా పూస్తే ఇంకా ఎక్కువ.

చిరిగిన చోటుకు అతుకు మాత్రమే చాలదు. లోపలివైపు 2 మిల్లీమీటర్ల ఫోమ్ పట్టీ గానీ సాగని గుడ్డ గానీ 3 సెంటీమీటర్ల వెడల్పున, చిరుగు చివరలు దాటేలా అతికించాలి. ముక్కే ఊడిపోతే ఆ చోటును చతురస్రంగా కోసేసి, అదే మందం ఉన్న కొత్త ముక్కను ఏటవాలు అంచులతో దించాలి. గుండ్రటి రంధ్రాన్ని గుండ్రంగానే పూడ్చాలని చూడకండి, సరిపోదు.

ఇక ఆ ఒక్క మార్కు పోగొట్టిన వాసన సంగతి. ద్రావకం ఉన్న రకాల్లో చాలావాటిలో టోలుయీన్ అనే ద్రావకం ఉంటుంది, ఘాటు తలకెక్కుతుంది. తలుపు తెరిస్తే చాలదు, కిటికీలు రెండు వైపులా తెరిచి గాలి ఆడాలి, ముక్కుకు ద్రావకాల ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ క్యాట్రిడ్జ్ ఉన్న మాస్కు ఉండాలి. దుమ్ముకు కట్టుకునే ఎన్95 మాస్కు ఈ ఆవిరిని ఆపదు. చాలామంది అది కట్టుకునే ధీమాగా కూర్చుంటారు, అదే ఎక్కువ ప్రమాదం. ఆవిరి మండుతుంది కూడా, డబ్బా తెరిచి ఉన్న గదిలో హీట్ గన్ (వేడి గాలి ఊదే పరికరం) ముట్టుకోకూడదు. బార్జ్‌లో టోలుయీన్ లేని టీఎఫ్ రకం ఉంది, కానీ టోలుయీన్ లేదంటే ద్రావకమే లేదని కాదు, మాస్కు దానికీ కావాలి. నీటి ఆధారంతో చేసిన రకాలు వాసనలో ఎంతో నయం, మంటా అంటుకోదు. ఆరడానికి అరగంట, తేమ ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. పెద్ద చదును పలకలకు బాగానే ఉంటాయి, బిగుతుగా వంచిన అంచుల దగ్గర మాత్రం నెమ్మదిగా తెరుచుకుంటాయి. గాలి ఆడని ఇంట్లో పని చేసేవాళ్లు ఆ లోపాన్ని భరించి అదే కొనడం మంచిది.

ఇంకో రెండు గుర్తుంచుకోవాలి. ద్రావకం ఉన్న సిమెంట్ థర్మోకోల్‌ను తినేస్తుంది, హెల్మెట్ లోపల థర్మోకోల్ దిమ్మ ఉంటే దాని దగ్గరికి రానివ్వకండి. రెండోది వేడి. ఆరిన అతుకు హీట్ గన్ కింద మళ్లీ మెత్తబడుతుంది, కాబట్టి వంపులన్నీ అతికించక ముందే తెచ్చుకోవాలి. అతికించాక ఫోమ్ పైపొరలోని సన్న రంధ్రాలను వేడితో మూయడానికి హీట్ గన్ వాడాల్సి వస్తే సిమెంట్ బాగా ఆరాక, ఒక రోజు తర్వాత, ఒకచోట ఆగకుండా చకచకా తిప్పేయాలి. పొంగి బయటికి వచ్చిన సిమెంటును గరుకు కాగితంతో రుద్దకండి, ఉండలు కట్టి ఫోమ్‌ను చీరేస్తుంది. ఆరాక వేలితో ఉండచుట్టి పీకేస్తే వచ్చేస్తుంది. అతుకు మీద గీత కనబడకుండా రంగు పట్టే యాక్రిలిక్ సీలెంట్ రాసి తడి వేలితో నున్నగా చేయాలి. సిలికాన్ సీలెంట్ కొంటే దాని మీద ఏ రంగూ నిలవదు, లేబుల్ చదివి కొనండి.

పోటీదారుల సంగతి క్లుప్తంగా. హాట్ గ్లూ వేగానికి మారుపేరు, వేడికి మాత్రం లొంగిపోతుంది. మూసిన కారు ఎండలో నిలబడితే లోపల 60 డిగ్రీలు దాటగలదు, చాలా రకాల హాట్ గ్లూ అక్కడే మెత్తబడటం మొదలవుతుంది. డిక్కీలో సరిగ్గానే పెట్టిన భుజం పలక ముక్కలుగా బయటికి రావడానికి కారణం అదే. పైగా అతుకు మధ్య లావుగా నిలిచి గీత కనబడుతుంది. సూపర్ గ్లూ రెజిన్ ముక్కలకు, 3డీ ప్రింట్ చేసిన అలంకారాలకు బాగుంటుంది. ఫోమ్ అతుకులో వాడితే గాజులా గట్టిపడి, మొదటి వంపుకే టక్కుమంటుంది. కారిన సూపర్ గ్లూను దూదితో తుడవకండి, దూదితో కలిసి ఒక్కసారిగా వేడెక్కి చెయ్యి కాలుతుంది.

ఇక అప్‌గ్రేడ్. పాత కవచాన్ని బాగు చేసేటప్పుడు ముందుగా మార్చాల్సింది పట్టీలను, రంగును కాదు. వెనక అంటుగల వెల్క్రో ఫోమ్ మీద నిలవదు. చెమటకు దాని జిగురు జారిపోతుంది, వెల్క్రో మాత్రం వెల్క్రోను గట్టిగా పట్టుకునే ఉంటుంది, ఫలితంగా ఫోమ్ నుంచి మొత్తం పట్టీయే ఊడొస్తుంది. దాని బదులు 25 మిల్లీమీటర్ల నైలాన్ నవారుకు వెల్క్రోను కుట్టి, ఆ నవారు చివర 8 నుంచి 10 సెంటీమీటర్లు పలక లోపల సిమెంటుతో అతికించి, దాని మీద 2 మిల్లీమీటర్ల ఫోమ్ మూతను మరో 2 సెంటీమీటర్లు చుట్టూ దాటేలా అతికించాలి. నవారు చివరను మంటకు చూపించి అంచు కరిగించుకోవడం మరవకండి, పోగులు లేస్తే అక్కడినుంచే జారుతుంది. ఈ మంట పని సిమెంటు డబ్బా తెరవకముందే ముగించాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. నవారును పలకకు సమాంతరంగా లాగితే అంటిన చోటంతా బరువు పంచుకుంటుంది. పలక నుంచి బయటికి పీకే దిశలో లాగితే అంచున ఉన్న ఒక్క గీతే మోస్తుంది, అది లేవగానే పక్క గీత, స్టిక్కరు పీకినట్టే. అందుకే ఛాతీ పలక భుజం పట్టీ పైకి సాగే దిశలోనే లోపల అతికించాలి, అడ్డంగా కాదు. భుజం పలకను ఛాతీ పలకకు బిగువుగా కట్టేస్తే చేయి ఎత్తినప్పుడల్లా ఈ పీకుడే జరుగుతుంది. రెండు ఎలాస్టిక్ పట్టీల మీద వేలాడనిస్తే చేయితో పాటు జరుగుతుంది, అతుకు మీద భారం తగ్గుతుంది. తరచూ తీసి వేసే చోట్ల బకిల్, లేదా బరువు పనికి వాడే 15 మిల్లీమీటర్ల టిచ్ బటన్లు. ఆ బటన్‌ను నేరుగా ఫోమ్‌లోకి కొడితే రంధ్రం పెద్దదై జారిపోతుంది. నవారులోకి కొట్టి, ఆ నవారును అతికించాలి. అయస్కాంతాలు చూడ్డానికి మురిపిస్తాయి కానీ బరువు మోయలేవు. వాడితే ఫోమ్ పైన కాకుండా రెండు పొరల మధ్య పాతిపెట్టండి. మామూలు నియోడిమియం రకాలు 80 డిగ్రీలు దాటితే బలం కోల్పోతాయి కాబట్టి పాతిపెట్టాక ఆ చోట హీట్ గన్ పెట్టకూడదు.

పైపూత విషయంలో ప్లాస్టీ డిప్ అనే చల్లే రబ్బరు పూత ఇప్పటికీ మంచి మొదటి పొర. రబ్బరులా సాగుతుంది. వేడితో పైపొర మూయని ఫోమ్ మీదా, దుమ్ము మీదా వేసినా, ఒకేసారి మందంగా చల్లినా లేచిపోతుంది. రిపేరులో లేచిన అంచును ఆగేదాకా పీకి, 220 నంబరు కాగితంతో చుట్టూ పలుచబరిచి, అరగంట విరామంతో మూడు నాలుగు పలుచని పూతలు చల్లాలి. దాని మీద గట్టిపడే ఎనామెల్ వేస్తే వంపుల్లో పగుళ్లు తేలుతాయి, యాక్రిలిక్ రంగులు నయం. పీవీఏ జిగురు (ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు) పూతలు చవక దారి, మోచేతి దగ్గర మాత్రం వద్దు: పగలడమే కాక చెమటకు మళ్లీ జిగటగా మారుతుంది.

వర్బ్లా లాంటి థర్మోప్లాస్టిక్‌ను కవచం అంతా కప్పడానికి కొంటే బరువు పెరుగుతుంది, అవసరమూ లేదు. దెబ్బ తగిలే అంచులకు, కొమ్ములకు, పదును చూపాల్సిన చోట్లకు సన్నని పట్టీలుగా వేస్తే మాత్రం దాని ముందు ఏదీ నిలవదు. 90 డిగ్రీల దగ్గర మెత్తబడి తనకు తానే అంటుకుంటుంది. పగిలితే మళ్లీ వేడి చేసి అతికించొచ్చు, మిగిలిన తునకలను ముద్ద చేసి మరో ముక్కగా వాడొచ్చు. ఫోమ్ మీద వేసేటప్పుడు ముందు ఫోమ్‌ను కాసేపు వేడి చేయాలి, లేకపోతే మధ్యలో గాలి బుడగలు మిగులుతాయి.

కన్వెన్షన్ సంచిలో కాంటాక్ట్ సిమెంట్ పెట్టుకోవడం వృథా, అక్కడ 15 నిమిషాలు ఆగే తీరికా ఉండదు, ఘాటు పక్కవాళ్లకూ పడదు. చిన్న సూపర్ గ్లూ, గుడ్డ టేపు, పిన్నీసులు, నాలుగు జిప్ టైలు చాలు. అక్కడ సూపర్ గ్లూతో అతికించిన అతుకును ఇంటికొచ్చాక తెరిచి, గట్టిపడిన పొరను గరుకు కాగితంతో పూర్తిగా తీసి, పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ అతికించాలి.

డబ్బా కొనేటప్పుడు మూతకే బ్రష్ ఉన్న చిన్నది తీసుకోండి, అతుకులకు అది సరిపోతుంది. పెద్దది కొంటే సగం వాడేలోపు గడ్డకడుతుంది. వాడిన ప్రతిసారీ డబ్బా అంచును గుడ్డతో తుడిచి మూత పెట్టాలి. అంచుకు అంటిన సిమెంట్ ఆరితే మూత సరిగ్గా కూర్చోదు, ద్రావకం ఎగిరిపోయి లోపల ఉన్నది నెలలోనే బెల్లం పాకంలా మారుతుంది. ఆ స్థితిలో బ్రష్ ఎత్తితే తీగలు సాగుతాయి, పలుచగా పూయడం కుదరదు. తయారీదారు చెప్పిన థిన్నరు కాస్త కలిపితే కొంతవరకు తిరిగి వస్తుంది. ముద్దగా గట్టిపడితే పారేయడమే.