జాగ్రత్త: ‘అన్‌లిమిటెడ్’ హోస్టింగ్‌కు డబ్బు కట్టేముందు ఎర్రర్ సెట్టింగులు ఎవరి చేతిలో ఉన్నాయో చూసుకోండి

చిన్న వ్యాపారానికి వెబ్‌సైట్ పెట్టుకుందామని చవక హోస్టింగ్ (సైటు ఉంచడానికి అద్దె సర్వర్‌లో చోటు) కోసం వెతుకుతున్నవారి కోసం ఇది రాస్తున్నాను. నేను మూడేళ్ల డబ్బు ఒకేసారి కట్టేశాను. 30 రోజుల్లో నచ్చకపోతే వాపసు అన్నారు. దాని అసలు రంగు బయటపడింది 34వ రోజున.

మాది కడియం దగ్గర నర్సరీ. తొలకరి పడ్డాక రెండు నెలలే మాకు పండగ. సంవత్సరం మొత్తంలో పోయే అంటుమామిడి, గులాబీ, మల్లె మొక్కల్లో సగం అప్పుడే పోతాయి. ఆ రోజు ఆదివారం, పొద్దున్నుంచీ ముసురు. ఏలూరు నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేశారు. “బాబూ, గులాబీలు చూద్దామని తెరిస్తే మీ పాస్‌వర్డ్ కనిపిస్తోంది. ఒకసారి చూసుకోండి” అన్నారు. నేను నమ్మలేదు. ఆయన వాట్సాప్‌లో ఫొటో పంపారు.

పైన మా నర్సరీ పేరు, కింద మొక్కల బొమ్మలు ఉండాల్సిన చోట తెల్లటి పేజీ మీద ‘ఫేటల్ ఎర్రర్’ అంటూ మూడు నాలుగు వరుసలు. మొదటి వరుసలో మా డేటాబేస్ (సైటు వివరాలన్నీ దాచే చోటు) యూజర్ పేరు, అతను ‘మ్యాక్స్ యూజర్ కనెక్షన్స్’ పరిమితి దాటాడని, పక్కన బ్రాకెట్లో ప్రస్తుత విలువ 10 అని. తర్వాతి వరుసలో సర్వర్‌లో మా ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో పూర్తి చిరునామా. ఆ పక్కనే కొటేషన్ల మధ్య యూజర్ పేరు, పాస్‌వర్డ్. ఇలాంటి చోట మా సైటు రాసిన ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీ పొడవాటి పదాలను 15 అక్షరాలకు కత్తిరించి చూపుతుంది. మా పాస్‌వర్డ్ 11 అక్షరాలే, కత్తెరకు అందలేదు.

అన్నిటికంటే నన్ను మండించింది ఆ 10. ప్లాన్ కొన్నప్పుడు డేటాబేస్ ఎదురుగా ‘అన్‌లిమిటెడ్’ అని పెద్ద అక్షరాలతో ఉంది. అంటే ఎన్ని డేటాబేస్‌లైనా తయారుచేసుకోవచ్చునట. ఒకే క్షణంలో వాటికి తగులుకోగల కనెక్షన్లు మాత్రం పదే. మామూలు రోజుల్లో అది చాలుతుంది. ముసురు పట్టిన ఆదివారం నలభై మంది ఒక్కసారిగా మొక్కలు చూడబోతే చాలదు. అమ్మినవారు దాచిన అంకెను వారి ఎర్రర్ మెసేజే నా ఖాతాదారుకు చదివి వినిపించింది.

మీకూ ఇలా జరిగితే ముందు డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చండి, తిట్టుకోవడం తర్వాత. మా డేటాబేస్‌లో కొన్నవారి ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి.

అసలు సంగతి ఇదీ. పీహెచ్‌పీతో పాటు రెండు నమూనా సెట్టింగుల ఫైళ్లు వస్తాయి. ఒకటి కోడ్ రాసుకునేవారి కోసం. అందులో ‘డిస్‌ప్లే ఎర్రర్స్’ ఆన్‌లో ఉంటుంది, తప్పు ఎక్కడుందో తెరమీదే కనిపిస్తుంది. రెండోది జనం చూసే సర్వర్ కోసం. అందులో అది ఆఫ్‌లో ఉంటుంది. 7.4 వెర్షన్ నుంచి ఎర్రర్ వివరాల్లో పాస్‌వర్డ్ లాంటి విలువలు రాకుండా ఆపే సెట్టింగు కూడా ఉంది, ఈ రెండో నమూనాలో అది ఆన్ చేసే ఇస్తారు. మాకు ఇచ్చిన సర్వర్‌లో ఉన్నది ఆ 7.4 వెర్షనే. దానికి భద్రతా సవరణలు 2022 నవంబరు 28తో ఆగిపోయాయి. సెట్టింగులు మాత్రం మొదటి నమూనావి. డబ్బు తీసుకుని జనానికి అద్దెకిచ్చే సర్వర్ అది!

సహాయ కేంద్రంలో ముగ్గురు మూడు మాటలు చెప్పారు. కంట్రోల్ ప్యానెల్‌లో పీహెచ్‌పీ సెట్టింగుల పేజీకి వెళ్లి ఆఫ్ చేసుకోమన్నారు మొదటాయన. వెళ్తే అక్కడ తాళం బొమ్మ, పై ప్లాన్ కొన్నవారికేనట. రెండో ఆయన ‘డాట్ హెచ్‌టీ యాక్సెస్’ అనే, సర్వర్‌కు ఆదేశాలు రాసే ఫైలులో చేర్చమని ఒక వరుస పంపారు. చేర్చాను. అంతే, ఉన్న సైటు కూడా పోయింది, ఏ పేజీ తెరిచినా 500 ఎర్రర్, అంటే సర్వర్ పేజీ ఇవ్వలేకపోయిందని. మూడో ఆయన తాపీగా, “500 వచ్చిందంటే లోపం మీ కోడ్‌లోనే ఉందండి, రూ. 4,999 కడితే మరమ్మతు చేసి ఇస్తాం” అన్నారు. వారు పంపిన వరుస పెట్టాకే ఆ 500 వచ్చిందన్న మాట వినిపించుకునే నాథుడు లేడు.

మాకు కోడ్ రాసి పెట్టింది కాకినాడలో ఉండే మా పిన్ని కొడుకు. “అన్నయ్యా, ముందు ఆ వరుస తీసేయ్” అన్నాడు. పేజీలను బ్రౌజర్‌కు పంపే అపాచీ అనే సర్వర్ ప్రోగ్రాం లోపలే పీహెచ్‌పీ ఒక భాగంగా (మాడ్యూల్‌గా) నడుస్తుంటేనే ఆ వరుస అపాచీకి అర్థమవుతుందట. మా సర్వర్‌లో పీహెచ్‌పీ ఎఫ్‌పీఎం పద్ధతిలో వేరుగా నడుస్తోంది. తెలియని ఆదేశం కనిపించేసరికి అపాచీ పేజీ ఇవ్వడమే మానేసింది. తమ సర్వర్ ఏ పద్ధతిలో నడుస్తోందో సహాయ కేంద్రానికే తెలియదన్నమాట.

ఎఫ్‌పీఎం ఉన్నచోట ఆ సెట్టింగులు ‘డాట్ యూజర్ డాట్ ఐఎన్ఐ’ అనే ఫైలులో రాయాలి. రాశాను, మార్పు లేదు. తీసేశాను, మళ్లీ పెట్టాను, పేరు తప్పేమోనని నాలుగు సార్లు సరిచూసుకున్నాను. చివరికి తేలిందేమిటంటే, ఆ ఫైలును పీహెచ్‌పీ ప్రతిసారీ చదవదు. మామూలుగా 300 సెకన్లకు ఒకసారి చదువుతుంది. నేను ఐదు నిమిషాలు చేతులు కట్టుకుని కూర్చుని ఉంటే గంట కలిసొచ్చేది.

తెరమీద ఎర్రర్ ఆగింది కదా అని సంబరపడితే, దాని బదులు ఖాళీ తెల్ల పేజీ వచ్చింది. దాచినంత మాత్రాన తప్పు పోదు, దాన్ని లాగ్ ఫైలుకు, అంటే ఎర్రర్లు నమోదయ్యే ఫైలుకు, మళ్లించాలి. ‘లాగ్ ఎర్రర్స్’ ఆన్ చేయాలి, ఆ ఫైలు సైటు ఫోల్డర్‌కు బయట ఉండాలి. మా సర్వర్‌లో అది సైటు ఫోల్డర్‌లోనే ఉంది. బ్రౌజర్‌లో దాని పేరు కొడితే చాలు, నెల రోజుల ఎర్రర్లన్నీ, వాటితో పాటు పాస్‌వర్డ్, ఎవరికైనా తెరుచుకున్నాయి. వీధి గుమ్మానికి తాళం వేసి పెరటి తలుపు బార్లా తెరిచిపెట్టినట్టు.

డేటాబేస్ అందకపోతే ఏం చేయాలో కోడ్‌లో రాసి ఉంటే పాస్‌వర్డ్ ఇలా బయటపడేది కాదు. తమ్ముడు ఆ తప్పు ఒప్పుకున్నాడు, ఆ రాత్రే సరిచేశాడు. కనుక నింద అంతా హోస్టింగ్ వారి మీదే వేయను. అయినా పది కనెక్షన్ల సంగతి దాచింది తమ్ముడు కాదు.

మీరు కొనబోతుంటే మూడేళ్లకు కట్టకండి, ఒక నెలకే కట్టండి. ఒకేసారి ఎన్ని డేటాబేస్ కనెక్షన్లు ఇస్తారో మెయిల్‌లో అడిగి, అంకెతో జవాబు తీసుకోండి. ఖాతా చేతికి రాగానే సర్వర్ సెట్టింగులన్నీ చూపే ‘పీహెచ్‌పీ ఇన్ఫో’ అనే ఒక్క వరుస ఫైలు పెట్టి తెరవండి. వెర్షన్ అన్నిటికంటే పైన ఉంటుంది. ‘సర్వర్ ఏపీఐ’ ఎదురుగా ఎఫ్‌పీఎం ఉందో అపాచీ హ్యాండ్లర్ ఉందో చూడండి, ఏ ఫైలు మార్చాలో దాన్ని బట్టే తెలుస్తుంది. ‘డిస్‌ప్లే ఎర్రర్స్’ ఎదురుగా రెండు గళ్లు ఉంటాయి. ‘మాస్టర్’ గడి సర్వర్ వారిది, ‘లోకల్’ గడి మీ సైటుకు వర్తించేది. మాస్టర్‌లో ఆన్ కనిపిస్తే ఆ సర్వర్‌ను ఎలా చూసుకుంటున్నారో అర్థమైపోతుంది. మీరు ఆఫ్ చేసి ఐదు నిమిషాలు ఆగినా లోకల్ మారకపోతే తాళం వారి దగ్గరే ఉందన్నమాట, అక్కడ ఉండకండి.

డబ్బు సంగతికి వస్తే, 30 రోజులు దాటాయన్న ఒక్క మాటతో వాపసు తిరస్కరించారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను, ఇంకా తేలలేదు. వ్యాపారం కోసం కొన్న సేవకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం మామూలుగా వర్తించదు. కేవలం జీవనోపాధికి స్వయం ఉపాధిగా చేసుకునే పని కోసం కొన్న వస్తువులకు మినహాయింపు ఉంది, సేవల మాట మాత్రం అందులో రాసి లేదు. అయినా మాది అలాంటి పనేనని ఫిర్యాదు మొదటి వాక్యంలోనే రాయించాను.

సైటు ఇప్పుడు వేరే చోట నడుస్తోంది. డొమైన్‌ను (సైటు పేరును) కదపలేదు, ఆ పేరు ఏ సర్వర్‌కు వెళ్లాలో చెప్పే నేమ్‌సర్వర్లు మార్చితే సరిపోయింది. చెప్పడం మరిచాను, ఆ పీహెచ్‌పీ ఇన్ఫో ఫైలును చూసిన వెంటనే తొలగించండి. సర్వర్ గుట్టంతా అందులో ఉంటుంది. మా పాత సైటులో అది రెండు వారాలు అలాగే పడి ఉంది. ఆ తప్పు మాత్రం పూర్తిగా నాదే.