మాగ్నెటిక్ స్టార్ చార్ట్: పళ్లు తోమించడానికి సరే, బొమ్మలు వేయించడానికి వద్దు

పిల్లల కోసం ఆన్‌లైన్‌లో అమ్మే మాగ్నెటిక్ రివార్డ్ చార్టులు దాదాపు అన్నీ ఒకే తీరు. ఫ్రిజ్ తలుపుకి అంటుకునే బోర్డు, ఎడమవైపు పనుల పేర్లు, పైన ఏడు రోజులు, పని చేసినప్పుడల్లా బహుమతిగా అంటించే నక్షత్రాలు ఒక కవరు నిండా. వస్తువు పనికొచ్చేదే. చిక్కంతా అందులో అచ్చేసి ఇచ్చే పనుల జాబితాతోనే.

పళ్లు తోముకోవడం, బ్యాగు సర్దుకోవడం లాంటివి పిల్లలకు వాటంతట అవి ఆనందమిచ్చేవి కావు. అక్కడ మనస్తత్వవేత్త స్కిన్నర్ చెప్పిన పునర్బలనం, అంటే మంచి ఫలితం దక్కిన పనిని మళ్లీ మళ్లీ చేయడం, చక్కగా పనిచేస్తుంది. కానీ ‘కథల పుస్తకం’, ‘డ్రాయింగ్’ అని పని పేరు రాసిన అయస్కాంత పట్టీలు కూడా ఇస్తారు. పిల్లలు వాటిని ఇష్టంగా చేస్తుంటే ఆ పట్టీలు తీసి పక్కన పెట్టండి. 1973లో మనస్తత్వవేత్తలు లెపర్, గ్రీన్, నిస్‌బెట్ ప్రచురించిన ప్రయోగం ఇందుకే గుర్తుంచుకోవాలి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ నర్సరీ బడిలో, బొమ్మలు వేయడమంటే ముందే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి ‘వేస్తే బహుమతి’ అని చెప్పి, బంగారు ముద్ర, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇచ్చారు. ఒకటి రెండు వారాల తర్వాత స్వేచ్ఛగా ఆడుకోనిస్తే, వాళ్లు బొమ్మలపై గడిపిన సమయం మిగతావాళ్లతో పోలిస్తే సుమారు సగమే. చెప్పకుండా, చివర్లో అదే సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లల్లో మాత్రం ఆసక్తి తగ్గలేదు. ఆశ చూపడమే దెబ్బతీసింది.

వాడేటప్పుడు రెండు మూడు పనులకు మించి పెట్టకండి. ‘బుద్ధిగా ఉండటం’ అనే పట్టీ వద్దు, ఏం చేస్తే నక్షత్రం వస్తుందో పిల్లలకు తెలియదు. ‘తిన్న పళ్లెం సింక్‌లో వేయడం’ అని ఖాళీ పట్టీ మీద తెలుగులోనే రాయండి. పని అయిన వెంటనే నక్షత్రం పెట్టించండి, అదీ పిల్లల చేత్తోనే. రాత్రికి అన్నీ కలిపి పెడితే ఏది దేనికో తెలియక ఫలితం పోతుంది. మొదట్లో ప్రతిసారీ ఇచ్చి, అలవాటు కుదిరాక అప్పుడప్పుడూ ఇవ్వండి. ఒక్కసారిగా ఆపేస్తే పని కూడా ఆగిపోవచ్చు. అల్లరి చేశారని, సంపాదించుకున్న నక్షత్రం ఎన్నడూ తీసేయకండి. అన్నదమ్ములిద్దరికీ ఒకే బోర్డు అసలే వద్దు, అది పోటీగా మారి వెనకబడినవాడు చార్ట్ వైపే చూడడు.

మూడేళ్ల లోపు పిల్లలున్న ఇంట్లో ఈ చిన్న అయస్కాంతాలు ప్రమాదం, మింగేస్తారు. గాజు తలుపు ఫ్రిజ్‌కి, కొన్ని రకాల స్టీలు తలుపులకి బోర్డు సరిగా అంటుకోదు. అలాంటప్పుడు పెద్ద గడులున్న గోడ క్యాలెండరు, ఒక బొట్టుబిళ్లల ప్యాకెట్టు చాలు.