ఆగుంబె దారా, కుద్రేముఖ్ దారా? వానలో ఒంటరి సైకిల్‌కు ఏది మేలు?

జూన్ వచ్చిందంటే చాలు, బెంగళూరు మారతహళ్ళిలో నాకు తెలిసిన సైకిల్ పిచ్చోళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. "అన్నా, వానల్లో ఒక్కడినే ఘాట్ దిగి సముద్రం దాకా పోవాలనుంది. ఆగుంబె మీదుగా పొమ్మంటావా, కుద్రేముఖ్ మీదుగానా?" రెండూ కర్ణాటక పశ్చిమ కనుమల్లోంచి సముద్రం వైపు దిగే ఘాట్ దారులే. నేను ఆగుంబె రెండుసార్లు దిగాను, కుద్రేముఖ్ ఒకసారి. మూడూ జూలై, ఆగస్టుల్లోనే. మూడూ ఒంటరిగానే. ఈసారి సెలవు దొరకగానే మళ్ళీ ఇదే లెక్క వేసుకోవాల్సి వచ్చింది కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు రాసి పెడుతున్నాను. మడ్‌గార్డులు, బ్యాగుల్లోకి ప్లాస్టిక్ కవర్లు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

అందరూ మొదట చూసేది వాన లెక్క. ఆగుంబెలో ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్ల పైచిలుకు కురుస్తుంది. మన బెంగళూరుకు వెయ్యి కూడా నిండదు. ఆ అంకె చూసి జడుసుకుని చాలామంది కుద్రేముఖ్ వైపు మొగ్గుతారు, అక్కడేదో పొడిగా ఉంటుందన్నట్టు! నిండా మునిగినవాడికి చలేమిటి? మలెనాడులో, అంటే ఆ కొండసీమలో, అడుగుపెట్టిన పది నిమిషాల్లోనే సాక్సుల దాకా తడిసిపోతారు. ఆ తర్వాత కురిసేది మూడు వేలా, ఏడు వేలా అన్నది వాతావరణ శాఖకు కావాలి గానీ తొక్కేవాడికి ఎందుకు?

నేను చూసేది వేరే. కప్పుకూ కప్పుకూ మధ్య ఎంత దూరం? కప్పంటే లాడ్జీ, హోటలే కానక్కర్లేదు. మూడు గోడల మీద ఒక స్లాబున్న బస్ షెల్టరైనా చాలు. జంటగా వెళ్ళేవాళ్ళకు ఇది పెద్ద పట్టింపు కాదు. ఒకడు టార్పాలిన్ పట్టుకుంటే ఇంకొకడు పని కానిస్తాడు. ఒంటరివాడికి మాత్రం ప్రయాణం సాగడమో చెడడమో దీని మీదే ఉంటుంది, ఎందుకంటే తడి ట్యూబుకు ప్యాచ్ అంటదు. ట్యూబును గరుకు కాగితంతో రుద్దాలి, సొల్యూషన్ పూయాలి, అది ఆరేదాకా ఓపిక పట్టాలి, అప్పుడు అతికించాలి. మధ్యలో నాలుగు చినుకులు పడ్డాయా, మళ్ళీ మొదటికే. పైగా వానలోనే పంక్చర్లు ఎక్కువ. రోడ్డు అంచున ఉండాల్సిన సన్న కంకర నీళ్ళతో పాటు రోడ్డెక్కుతుంది, తడి రబ్బరును ఇట్టే కోస్తుంది.

కుద్రేముఖ్ దారిలో నాకు జరిగింది అదే. చిక్కమగళూరు, బాళెహొన్నూరు మీదుగా కళస చేరి, రాత్రికి అక్కడే పడుకుని పొద్దున బయల్దేరాను. కళస నుంచి ఘాట్ దిగి బజగోళి చేరేదాకా దాదాపు 60 కిలోమీటర్లు. మధ్యలో ఊరని చెప్పుకోదగ్గది కుద్రేముఖ్ టౌన్ ఒక్కటే, అదీ అక్కడి ఇనుప ఖనిజం గని మూతపడ్డాక చాలావరకు ఖాళీ. మిగతాది 1987లో జాతీయ పార్కుగా ప్రకటించిన అడవి. చెక్‌పోస్టులో గార్డు బండి నంబరు అడిగాడు. సైకిల్‌కు నంబరెక్కడిది? కాసేపు ఆలోచించి ఆ గడిలో 'సైకిల్' అని రాసి, వేళ వేసి, మధ్యలో ఎక్కడా ఆగొద్దని చెప్పి పంపాడు.

టౌన్ దాటిన కాసేపటికే వెనక టైరు కూర్చుంది. స్పేర్ ట్యూబు వేశాను. గంట తిరక్కుండా మళ్ళీ అదే టైరు. మొదటిసారి గుచ్చుకున్న రాతిముక్క టైరులోనే ఉండిపోయింది. చలికి మొద్దుబారిన వేళ్ళతో తడిమి చూసి ఏమీ లేదనుకున్నాను, తప్పు నాదే. ఇక ప్యాచ్ వేయక తప్పదు. రెయిన్‌కోటు తల మీదుగా గుడారంలా కప్పుకుని మూడుసార్లు అతికించాను, మూడుసార్లూ ఊడింది. ఈలోగా జలగలు నా కాళ్ళ మీద వాటి పని అవి చేసుకుంటున్నాయి. ఫోన్లో సిగ్నల్ లేదు. సైకిల్ తోసుకుంటూ రెండున్నర గంటలు నడిచాక కూరగాయల పికప్ ఒకటి ఆగింది. డ్రైవరు నన్ను కిందికీ పైకీ చూసి అడిగిన మొదటి మాట, "ఒబ్బరేనా?" ఒక్కడివేనా అని. అందులో సగం జాలి, సగం తిట్టు.

ఇప్పుడు ఆగుంబె. తీర్థహళ్ళి నుంచి ఆగుంబెకు 30 కిలోమీటర్ల పైచిలుకు. వాన దంచి కొడుతుంది, ఎదుటి లారీ లైట్లు కనపడవు. కానీ మేగరవళ్ళి, గుడ్డేకేరి అంటూ చిన్న చిన్న ఊళ్ళు తగులుతూనే ఉంటాయి. ఊరు లేని చోట వక్కతోట మలుపులో ఒక బస్ షెల్టర్ ఉంటుంది. రెండోసారి వెళ్ళినప్పుడు గుడ్డేకేరి దాటాక పంక్చరైంది. పది నిమిషాలు తోసుకుంటే షెల్టర్ వచ్చింది. లోపల ఒక ముసలాయన, ఆయన మేక అప్పటికే సర్దుకుని కూర్చున్నారు. ట్యూబు తుడిచి, ఆరబెట్టి, ప్యాచ్ వేసి, గాలి కొట్టేసరికి అరగంట. ఆయన నాకు ఆకూ వక్కా ఇచ్చాడు. వాన తగ్గలేదు, తగ్గాల్సిన అవసరమూ కలగలేదు.

ఆగుంబె దాటాక ఘాట్ కూడా పొట్టిదే. 14 హెయిర్‌పిన్ మలుపులు, పది కిలోమీటర్లు తిరిగేసరికి కింద సోమేశ్వర, ఆపైన హెబ్రి. వానాకాలంలో ఈ ఘాట్ మీద భారీ వాహనాలను తరచూ ఆపేస్తుంటారు కాబట్టి మనకింకా మేలు. అలాగని సుఖమని అనుకోవద్దు. రోడ్డు ఇరుకు, వాలు ఎక్కువ, మలుపులో మినీ బస్సు ఎదురైతే గుండె ఆగుతుంది. రిమ్ బ్రేకులున్నవాళ్ళకు ఇంకో మాట: లీవరు నొక్కగానే మొదట రబ్బరు చేసేది రిమ్ మీద నీళ్ళు తుడవడమే, పట్టు దొరికేది ఆ తర్వాతే. మలుపుకు చాలా ముందు నుంచే బ్రేకును రిమ్‌కు తాకిస్తూ ఉండాలి. అదే కుద్రేముఖ్ నుంచి మాళ వైపు దిగుడు చాలా పొడుగు. అంతసేపు ఇలా తాకిస్తూ దిగితే ఇసుక కలిసిన నీళ్ళకు కొత్త రబ్బర్లు కూడా అరిగిపోతాయి. నేను ఆ యాత్ర తర్వాతే డిస్క్ బ్రేకులకు మారాను.

కుద్రేముఖ్‌ను తక్కువ చేస్తున్నానని అనుకోవద్దు. కళ్ళకైతే అదే గొప్ప, ఆగుంబె దాని ముందు దిగదుడుపే. పచ్చగడ్డి కొండలు, వాటి మడతల్లో మాత్రం దట్టంగా అడవి, మబ్బు పైనుంచి దిగి రోడ్డు మీద నడుస్తుంటుంది. ఇక్కడ తవ్విన ఇనుప ఖనిజాన్ని బురదగా కలిపి గొట్టాల్లో మంగళూరుకు పంపేవారట. సుప్రీంకోర్టు ఆదేశంతో 2005 చివర తవ్వకం ఆగింది. ఇప్పుడా టౌన్‌లో వానలో తడుస్తున్న ఖాళీ క్వార్టర్ల మధ్య తొక్కుతుంటే ఏదోలా ఉంటుంది. తుంగ, భద్ర, నేత్రావతి పుట్టే గంగామూల కూడా ఈ అడవిలోనే.

మాది తుంగభద్ర ఒడ్డున ఉన్న కర్నూలు, అందుకని తుంగ అంటే నాకు కొంచెం పక్షపాతం ఉంది. దారి ఎంచుకోవడంలో అది పనిచేసిందేమో కూడా. బి.హెచ్. (బెంగళూరు-హొన్నావర) రోడ్డు పట్టుకుని తుమకూరు, తిపటూరు, అరసికెరె, కడూరు మీదుగా శివమొగ్గకు రమారమి 300 కిలోమీటర్లు. అది చప్పగా సాగే దారే, కానీ రైలు మార్గం దగ్గర్లోనే ఉంటుంది, ఒళ్ళు మొరాయిస్తే స్టేషన్ ఉంది. శివమొగ్గ దాటాక గాజనూరు డ్యాం నుంచి తీర్థహళ్ళి వైపు తుంగ తోడు వస్తుంది. మండగద్దె దగ్గర నది మధ్య దిబ్బ మీద ఈ కాలంలో చెట్ల నిండా కొంగలే. అక్కడి నుంచి అమ్మకు ఫోన్ చేస్తే, "ఆ వానలో నీకేం పనిరా?" అంది. "మన సుంకేసుల బ్యారేజీకి నీళ్ళు పంపిద్దామని వచ్చినా మా" అన్నాను. నవ్వలేదు.

సముద్రం వైపు దిగే మిగతా ఘాట్ దారుల గురించి కూడా అడుగుతుంటారు. శిరాడి వద్దు, మంగళూరు రేవు లారీలన్నీ అక్కడే, చక్రాల బురద మొహాన కొడుతుంది. చార్మాడి ఫరవాలేదు, కొట్టిగెహారలో కడుపు నింపుకుని దిగొచ్చు. 2019 ఆగస్టులో కొండచరియలు విరిగిపడి మూతపడిన ఘాట్ కాబట్టి బయల్దేరేముందు కనుక్కోండి. మడికేరి, సంపాజె దారి బాగుంటుంది గానీ అడవిలో ఒంటరితనం కావాలనుకునేవాళ్ళకు హోంస్టే బోర్డులే కనిపిస్తాయి.

చరియల భయం ఏ దారికైనా ఉన్నదే. 2024 జూలైలో అంకోలా దగ్గర శిరూరులో కొండచరియ హైవే మీద విరిగిపడి ఏం జరిగిందో చూశాం. నేను పాటించే పద్ధతి ఒకటే. దారిలో పడే జిల్లాల్లో ఎక్కడైనా బడులకు వాన సెలవు ఇచ్చారంటే ఆ రోజు నేనూ లాడ్జీ కదలను.

ఇద్దరుంటే కుద్రేముఖ్, రెండో మాట లేదు. ఒక్కడే అయితే ఆగుంబె. కాదు, ఒక్కడినే కుద్రేముఖే పోతానంటారా? మూడు స్పేర్ ట్యూబులు పెట్టుకోండి, తెల్లవారగానే కళస దాటండి. పంక్చరైతే టైరు లోపల వేళ్ళతో తడమకండి, పాత గుడ్డతో రెండు చుట్లు తుడవండి. రాయి ఉంటే గుడ్డకు తగులుకుంటుంది.