బోన్‌లెస్ బ్రెస్ట్ ప్యాక్ కొనేవాళ్ళూ జాగ్రత్త, లోపం మీ వంటలో లేదు, మాంసంలోనే ఉంది

అమెరికాలో ఉంటూ వారం వారం స్టోర్‌లో బోన్‌లెస్ చికెన్ బ్రెస్ట్ ప్యాక్ తెచ్చుకునే మనవాళ్ళందరికీ చెప్పాలనిపించి రాస్తున్నానండీ. కొంచెం పొడుగ్గానే ఉంటుంది, అయినా ఈ వీకెండ్ షాపింగ్‌కి బయల్దేరేముందు ఒక్కసారి చదవండి, ముఖ్యంగా ఇంటికి జనాన్ని పిలిచి బిర్యానీయో చికెన్ ఫ్రైయో చేద్దామనుకుంటున్నవాళ్ళు.

మేం డాలస్ వైపు ఉంటాం. ఎప్పుడూ కొనే పెద్ద స్టోర్‌లోనే కొన్నాం, డేట్ బోల్డంత ఉంది, వాసన లేదు, రంగు కూడా బానే ఉంది, ప్యాక్‌లో ముక్కలు మాత్రం ఒక్కొక్కటి నా అరచెయ్యంత వెడల్పు, అంతకు మించిన మందం. కొయ్యబోతే లావుగా ఉన్న వైపు కత్తి దిగటానికి మొరాయించింది. సర్లే అని పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం, ఉప్పు, నిమ్మకాయ అన్నీ పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఫ్రై చేస్తే మసాలా పైపైనే ఉండిపోయింది, మూకుట్లో నీళ్ళే నీళ్ళు, ముక్క వేగటం మానేసి ఆ నీళ్ళలో ఉడకటం మొదలెట్టింది. తింటుంటే దోరజామకాయ కొరికినట్టు కరకరమంటోంది. మా చిన్నోడు నోట్లో పెట్టుకున్న ముక్క తీసి ప్లేటు అంచున పెట్టేశాడు, వచ్చినవాళ్ళు మొహమాటానికి ఏమీ అనకుండా అన్నం మాత్రం తిని ముక్కలు పక్కకి నెట్టేశారు. ఇండియా నుంచి వచ్చున్న మా అత్తయ్యగారు "ఇంకో రెండు విజిల్స్ రానివ్వాల్సిందమ్మా" అన్నారు. మిగిలినదాన్ని కుక్కర్లో పెట్టి ఆవిడ చెప్పినట్టే విజిల్స్ రానిచ్చాం, పైన పీచు పీచుగా విడిపోయింది, లోపల ఆ కరకర అలాగే ఉంది!

ఇక్కడే నాకు మండింది. ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ఇదే జరుగుతోంది, వండినవాళ్ళనే అందరూ అంటారు, సరిగ్గా ఉడకలేదని, ఎక్కువ ఉడికించావని, మారినేషన్ చాల్లేదని. కాదండీ. ఆ ముక్క ఎవరు వండినా అలాగే ఉంటుంది.

దీన్ని వుడీ బ్రెస్ట్ అంటారు, అంటే కట్టెలా బిగుసుకుపోయిన రొమ్ము మాంసం. 2014లో ఫిన్లాండ్ పరిశోధకులు దీని గురించి పేపర్ కూడా రాశారు, కొత్తగా పుట్టిన పుకారేం కాదు. కోడి రొమ్ము కండ మరీ వేగంగా పెరిగిపోతే దానికి సరిపడా రక్తం, ఆక్సిజన్ అందవు, లోపల కండ పోగులు చచ్చిపోతాయి, ఆ ఖాళీలో గాయం మానినచోట మచ్చ కట్టినట్టు గట్టి పీచు కణజాలం, కొంచెం కొవ్వు చేరతాయి. అందుకే మసాలా లోపలికి పట్టదు, వండితే నీళ్ళు ఎక్కువ వదిలేస్తుంది, ఎంత ఉడికించినా ఆ గట్టితనం పోదు. దీనికి ఇంకో రెండు తోడున్నాయి. ఒకటి వైట్ స్ట్రైపింగ్, ముక్క మీద కండ పోగుల వెంబడే తెల్లటి కొవ్వు గీతలు నిలువునా కనిపిస్తాయి. రెండోది స్పగెటీ మీట్, దాన్ని వేలితో లాగితే ముక్క పోగులు పోగులుగా ఊడొచ్చేస్తుంది. ఒకే ముక్కలో ఈ మూడింట్లో రెండు కనపడటం కూడా మామూలే.

తింటే జబ్బు చేస్తుందా అంటే, లేదు, అది అంటురోగం కాదు, బాగా ఉడికించి తింటే ప్రమాదం లేదు. కానీ అలాంటి ముక్కల్లో ప్రొటీన్ తగ్గి కొవ్వు పెరుగుతుంది. జిమ్‌కెళ్తూ ప్రొటీన్ కోసమని రోజూ బ్రెస్టే తినే కుర్రాళ్ళు ఇది గమనించండి, మీరు డబ్బులు పెట్టేదే దానికోసం కదా.

హార్మోన్ ఇంజెక్షన్లు వేసి పెంచుతున్నారని వాట్సాప్‌లో తిరిగేది మాత్రం నమ్మకండి. అమెరికాలో కోళ్ళకి హార్మోన్లు వాడటం చట్టప్రకారం నిషేధం, ప్యాక్ మీద "నో హార్మోన్స్" అని పెద్దక్షరాలతో ఉంటే దాని కిందే చిన్నక్షరాల్లో కోళ్ళకి హార్మోన్లు అసలు అనుమతి లేదనే మాట కూడా ఉంటుంది చూడండి, అంటే ఆ లేబుల్‌కి ఎక్స్‌ట్రా డబ్బులిచ్చినా మీకు ఒరిగేదేం లేదు. అసలు సంగతి జాతి ఎంపికలో ఉంది, తరతరాలుగా త్వరగా ఎదిగేవి, రొమ్ము పెద్దగా వచ్చేవి ఏరి ఏరి పెంచుకుంటూ వచ్చారు. 1925లో ఇక్కడ కోడి అమ్మకానికి రావాలంటే 112 రోజులు పట్టేది, అప్పటికీ రెండున్నర పౌండ్లే ఉండేది. ఇప్పుడు 47 రోజులకే ఆరున్నర పౌండ్లు. కెనడాలో ఆల్బర్టా యూనివర్సిటీ వాళ్ళు 1957 నాటి జాతినీ 2005 నాటి జాతినీ ఒకే మేత పెట్టి 56 రోజులు పెంచితే మొదటిది 900 గ్రాములు, రెండోది 4.2 కిలోలు తూగాయి. మేత అదే, రోజులు అవే. ఇక ఆ కండకి రక్తం ఎక్కడ అందుతుంది చెప్పండి, ఆ కోడి కాళ్ళ మీద సరిగ్గా నిలబడగలుగుతుందా అని కూడా నాకు బాధేస్తుంది.

ఇప్పుడు కొనేవాళ్ళకి నిజంగా పనికొచ్చే విషయం. స్టోర్‌లో దొరికే కోళ్ళన్నీ ఒకే సైజువి కావు. హోల్ చికెన్‌గా అమ్మేవి, ఎముకతో ముక్కలుగా వచ్చేవి చాలావరకు చిన్న కోళ్ళు. బోన్‌లెస్ బ్రెస్ట్ కోసం ఎక్కువగా వాడేది బాగా బరువెక్కిన పెద్ద కోళ్ళని, ఒక్కో కోడికి ఎక్కువ కండ వస్తే కంపెనీకి గిట్టుబాటు కాబట్టి. ఈ వుడీ బ్రెస్ట్ రోగం ఎక్కువగా వచ్చేది కూడా ఆ పెద్దవాటికే. అంటే మనం చేతికి పని తగ్గుతుందని ఎక్కువ డబ్బులిచ్చి బోన్‌లెస్ కొంటే ఆ చెడ్డ ముక్క మన పాలపడే అవకాశమే ఎక్కువ. తొడ ముక్కలకి ఈ గొడవ లేదు, బోన్‌లెస్ థైస్ తెచ్చుకుంటే కూరకైనా ఫ్రైకైనా హాయిగా ఉంటాయి, మా ఇంట్లో ఇప్పుడవే.

బ్రెస్టే కావాలంటే ప్యాక్‌ని చేత్తో పట్టుకుని చూసి కొనండి, సిగ్గుపడొద్దు. ప్లాస్టిక్ పైనుంచే లావుగా ఉన్న వైపు వేలితో నొక్కండి, మంచి ముక్క మెత్తగా లోపలికి వెళ్తుంది, చెడ్డది బిగుసుకుని గట్టిగా తగుల్తుంది. పైన ఉబ్బెత్తుగా గట్టులాగా ఉన్నా, రంగు పాలిపోయి ఉన్నా, తెల్లగీతలు దట్టంగా కనిపించినా, జిగురు నీరు పట్టి ఉన్నా వదిలెయ్యండి. ఇంటికొచ్చి ప్యాక్ విప్పాక ముక్కని లావు వైపు పట్టుకుని ఎత్తితే రెండో వైపు జారి వేలాడాలి, అలా కాకుండా అట్టముక్కలా నిటారుగా నిలబడిందంటే అనుమానమే అక్కర్లేదు. ఇంకో గుర్తు, ప్యాక్ బరువుని ముక్కలతో భాగించి చూడండి, ఒక్కోటి అర పౌండు లోపు ఉన్నవి ఏరుకోవటం మంచిది, ముప్పావు పౌండు దాటినవి నేనైతే ముట్టుకోను. ఆర్గానిక్ అయితే ఈ బాధ ఉండదనుకునేవాళ్ళకి కూడా చెప్తున్నా, ఆర్గానిక్ అనేది మేత గురించి, పెంచే పద్ధతి గురించి, త్వరగా ఎదిగే జాతిని పెంచకూడదన్న రూలేం లేదు. స్లో గ్రోయింగ్ (నెమ్మదిగా ఎదిగే జాతి) అని ఉంటే అది వేరే సంగతి, రేటు మాత్రం చుక్కల్లో ఉంటుంది.

నీళ్ళ సంగతి కూడా చూసుకోండి. చాలా ప్యాక్‌ల మీద చిన్నక్షరాల్లో "కంటెయిన్స్ అప్ టు 15% చికెన్ బ్రాత్" అనో "సొల్యూషన్" అనో ఉంటుంది, అంటే ఉప్పునీళ్ళు ఎక్కించారన్నమాట, ఆ నీళ్ళకి కూడా చికెన్ రేటే కడుతున్నాం. కోళ్ళని చల్లబరిచేటప్పుడు నీళ్ళలో ముంచటం వల్ల పీల్చుకున్నది ఇంకోటి, దాన్ని "రిటైన్డ్ వాటర్" అని ఎంత శాతమో రాస్తారు. నీళ్ళలో ముంచకుండా చల్లగాలితో ఆరబెట్టినవాటి మీద "ఎయిర్ చిల్డ్" అని ఉంటుంది, ఫ్రై చేసేవాళ్ళకి అవి చాలా బెటర్, ముక్క నీళ్ళూరకుండా చక్కగా రంగు తిరుగుతుంది. ఉప్పునీళ్ళు ఎక్కించారా లేదా తేల్చుకోవాలంటే వెనకాల న్యూట్రిషన్ లేబుల్‌లో సోడియం చూడండి, మామూలు బ్రెస్ట్‌లో 4 ఔన్సులకి 100 మిల్లీగ్రాముల లోపే ఉండాలి, 200 పైన ఉందంటే కలిపారన్నట్టే. మనం మళ్ళీ మన ఉప్పు మనం వేసుకుంటాం కదా, బీపీ ఉన్న అమ్మానాన్నలు వచ్చున్న ఇళ్ళల్లో ఇది చిన్న విషయం కాదు.

ఇక మన దేశీ హలాల్ షాపులు. హోల్ చికెన్ చిన్నది, మూడున్నర పౌండ్ల లోపుది అడిగి కళ్ళముందే స్కిన్ తీయించి కర్రీ కట్ కొట్టించుకోండి, ఎముకతో వండుకుంటే పులుసుకి వచ్చే రుచి ఎలాగూ బోన్‌లెస్‌కి రాదు. అక్కడే "హార్డ్ చికెన్" అని ఒకటి అమ్ముతారు, నాటుకోడిలా ఉంటుందని మనవాళ్ళు తెగ కొంటారు, అది గుడ్లు పెట్టి పెట్టి వయసైపోయిన పెట్ట. అదీ గట్టిగానే ఉంటుంది కానీ ఆ గట్టితనం వేరు, ఓపిగ్గా ఉడికిస్తే మెత్తబడి పులుసంతా చిక్కగా కమ్మగా తయారవుతుంది, వుడీ బ్రెస్ట్‌ని ఉడికిస్తే గ్యాస్ దండగ తప్ప ఏమీ రాదు. రెండిటినీ ఒకే గాటన కట్టెయ్యకండి.

ఇప్పటికే కొనేసి ఫ్రిజ్‌లో ఉన్నవాళ్ళు పారెయ్యక్కర్లేదు, ముక్కలుగా మాత్రం వండొద్దు. గట్టి వైపుతో సహా ముక్కంతా కోసి ఫుడ్ ప్రాసెసర్‌లో వేసి ఖీమా చేసుకోండి, కట్లెట్లు, కబాబులు, సమోసాల్లోకి బానే పనికొస్తుంది, పీచు తెగిపోతుంది కాబట్టి ఆ కరకర తెలీదు. కంపెనీలు కూడా ఇలాంటి మాంసాన్ని నగెట్స్‌కీ ప్యాటీలకీ మళ్ళించేది అందుకే.

వండకముందే కనిపెడితే మాత్రం ఫోటో తీసి, రసీదు పట్టుకుని స్టోర్‌కి వెళ్ళండి. మేం వెళ్తే కస్టమర్ సర్వీస్ అమ్మాయి మొదట "డేట్ అవ్వలేదు కదా" అంది, వుడీ బ్రెస్ట్ అన్న మాట వాడి ఫోటో చూపించాక మేనేజర్‌ని పిలిచింది, ఆయన మారు మాట్లాడకుండా డబ్బులు వెనక్కిచ్చేశాడు. వాళ్ళకి తెలుసు, మనం అడగట్లేదంతే. ప్యాక్ మీద యూఎస్‌డీఏ (అమెరికా వ్యవసాయ శాఖ) ముద్ర దగ్గర "పి" అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉంటుంది, అది కోడిని ప్రాసెస్ చేసిన ప్లాంట్ నంబర్, బ్రాండ్ పేరు ఏదైనా ఆ నంబర్ బట్టి మాంసం ఎక్కణ్ణుంచి వచ్చిందో యూఎస్‌డీఏ సైట్‌లో వెతుక్కోవచ్చు. చెడ్డ ప్యాక్ తగిలితే ఆ నంబర్ రాసి పెట్టుకోండి, అదే నంబర్ మళ్ళీ మళ్ళీ వస్తుంటే ఆ బ్రాండ్ మార్చెయ్యండి.

ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు చిన్న సైజు కోళ్ళు నమ్మకంగా దొరికే హలాల్ షాపులు తెలిసినవాళ్ళు కింద రాయండి ప్లీజ్, ఎయిర్ చిల్డ్ హోల్ చికెన్ ఎక్కడ ఏ రేటుకి వస్తోందో కూడా చెప్తే దసరాకి ఇంటికి జనం వచ్చేవాళ్ళందరికీ ఉపయోగపడుతుంది.